బలం వేరు, స్టిఫ్‌నెస్ వేరు

ముందు బెంచీలో ఉన్న నాన్నా, నీ స్కేలు ఒకసారి ఇలా ఇవ్వు. చూడండి, ఒక చివర బల్ల మీద నొక్కిపట్టి 10 సెంటీమీటర్లు బయటికి ఉంచాను. కొసన ఈ తాళంచెవి పెడితే కొద్దిగానే వంగింది. ఇప్పుడు 20 సెంటీమీటర్లు. అదే తాళంచెవి. వంపు రెండింతలు కాదు, ఎనిమిదింతలు! ప్లాస్టిక్ మారలేదు, స్కేలు మందం మారలేదు. ఈ రెండూ కలిసిందే మనం ఇఐ అని రాసే రిజిడిటీ: ఇ పదార్థానికి, ఐ అడ్డుకోత ఆకారానికి గుర్తు. దానికి పొడవునూ, కొసలు ఎలా బిగించామన్నదాన్నీ చేరిస్తే స్టిఫ్‌నెస్, అంటే వంగకుండా ఎంత మొండికేస్తుందన్నది.

స్టిఫ్‌గా ఉన్నదల్లా బలమైనదనుకోకండి. సుద్దముక్క వంగదు, చిటుక్కున విరుగుతుంది.

ఇక బడి వరండాకి రండి. వరసగా 3 మీటర్ల పిల్లర్లు, అన్నీ ఒకే సైజు, ఒకే స్టీలు. గాలి కోసమని రెండు పిల్లర్ల మధ్య 1.5 మీటర్ల ఎత్తుకే గోడ కట్టి ఆపారు. భూకంపంలో స్లాబు పిల్లర్ల తలలన్నిటినీ ఒకే దూరం లాక్కెళ్తుంది. గోడ పట్టుకున్న పిల్లర్ మిగిలిన సగం పొడవులోనే అంత వంగాలి. అందుకని పక్కదానికంటే దాదాపు ఎనిమిదింతల భూకంపపు తోపుడును తన మీదికి లాక్కుంటుంది. లోపలి స్టీలేమో పక్కదానికున్నంతే. ఇంటూ మార్కులా పగిలేది అదే. ఓనరు గానీ మేస్త్రీ గానీ కలలో కూడా అనుకోరు, గోడ కట్టి పిల్లర్‌కి కీడు చేశామని. గోడకీ పిల్లర్‌కీ మధ్య సందు వదలాలి. లేదంటే పిల్లర్ ఎత్తు పొడవునా రింగులు దగ్గరదగ్గరగా వేయాలి.

మన అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో తప్పు దీనికి తిరగేసింది. పై అంతస్తుల్లో ఇటుక గోడలు, కింద ఉత్త పిల్లర్లు. పైదంతా ఒక పెట్టెలా కదులుతుంది, ఊగుడంతా కింది అంతస్తుకే. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి భవనాలే కూలాయి. ఆ మరుసటి ఏడు సవరించిన ఐఎస్ 1893 అనే మన భూకంప డిజైన్ కోడ్, ఒక అంతస్తు స్టిఫ్‌నెస్ దాని పై అంతస్తు స్టిఫ్‌నెస్‌లో 70 శాతానికి తగ్గితే దాన్ని సాఫ్ట్ స్టోరీగా, అంటే మెత్తని అంతస్తుగా లెక్కించమంది.

అయితే లిఫ్టు చుట్టూ కాంక్రీట్ గోడ ఉందిగా సార్ అంటారు. ఉంది, కానీ ఓ మూలన. అప్పుడు భవనం ఊగడమే కాదు, మెలితిరుగుతుంది. అదెలాగో బోర్డు మీద గీసి చూపిస్తాను.