బెంచీ మీద కూర్చోలేని స్టాపర్

అందరికీ నమస్కారం.

పోర్చుగల్ అనగానే మీలో సగం మందికి రొనాల్డో గుర్తొచ్చి ఉంటాడు. ఉండనివ్వండి, ఆయన కూడా ఈ కథలో ఒక పక్కన కనిపిస్తాడు. ఈ పూట నేను మాట్లాడబోయేది రికార్డో కర్వాల్యో గురించి. మన గ్రౌండ్లలో స్టాపర్ బ్యాక్ అంటాం చూడండి, గోల్‌కీపర్ ముందు నిలబడి తిట్లు తినేవాడు, ఆ పని చేసినవాడు. పోర్చుగీసులో కర్వాల్యో అంటే ఓక్ చెట్టు. మనిషి చూడబోతే సన్నగా ఉంటాడు. పెద్దలు పెట్టిన పేరేమో మాను, పెరిగిందేమో మెరక చేలో జొన్నదంటు.

1978లో ఉత్తర పోర్చుగల్‌లోని అమరాంట్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. పోర్టో క్లబ్బు చేర్చుకుంది గానీ ఆడనివ్వలేదు. లెసా, సెతూబల్, అల్వెర్కా అని మూడు క్లబ్బులకు వరసగా అరువిచ్చింది. కుర్రాడిని ఇలా ఇంటింటికీ తిప్పితే సగం మంది ఆట మానేస్తారు. ఇతను తిరిగొచ్చి, మౌరిన్యో కోచ్‌గా ఉన్న పోర్టోలో పాతుకుపోయాడు. 2003లో సెవిల్లెలో సెల్టిక్ మీద గెలిచి యూరప్ క్లబ్బుల రెండో పెద్ద పోటీ అయిన యుయెఫా కప్పు. ఏడాది తిరిగేసరికి, 2004 మే 26న గెల్సెన్‌కిర్చెన్‌లో మొనాకోను 3-0తో కొట్టి, అన్నిటికంటే పెద్దదైన చాంపియన్స్ లీగ్. ఆ ఏడు యూరప్ క్లబ్ ఫుట్‌బాల్‌లో ఉత్తమ డిఫెండర్ అవార్డు ఇతనికే ఇచ్చారు.

అదే జూన్‌లో యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, అదీ సొంత దేశంలో. మొదటి మ్యాచ్‌లో కర్వాల్యో బెంచీ మీద ఉన్నాడు. సీనియర్ ఫెర్నాండో కౌటో ఆడాడు. గ్రీసు చేతిలో 2-1తో ఓడారు. తర్వాతి మ్యాచ్‌కి కౌటోను కూర్చోబెట్టి ఇతన్ని దింపారు. అక్కణ్ణుంచి ఫైనల్ దాకా వెళ్లి మళ్లీ అదే గ్రీసు చేతిలో ఓడిపోయారు, అది వేరే ఏడుపు. ఈ బెంచీ సంగతి మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ వేసవిలోనే మౌరిన్యోతో పాటు లండన్ క్లబ్బు చెల్సీకి వెళ్లాడు. పక్కన మరో స్టాపర్ జాన్ టెర్రీ, వెనక గోల్‌కీపర్ పీటర్ చెక్. 2004-05 లీగ్‌లో 38 మ్యాచ్‌లు ఆడి చెల్సీ ఎదుటివాళ్లకు ఇచ్చిన గోల్స్ 15. ఇరవై ఏళ్లు దాటినా ఇంగ్లండ్‌లో ఎవరూ అంతకంటే తక్కువ ఇవ్వలేదు. టెర్రీ అంటే తల పగిలినా హెడ్ చేసే రకం, అందరికీ కనబడతాడు. కర్వాల్యో ఆట చూడాలంటే బంతిని వదిలేసి అతన్నే చూడాలి. పాస్ ఇచ్చేవాడు తల ఎత్తేలోపే రెండడుగులు పక్కకు జరిగి ఉంటాడు. బంతి సరిగ్గా అక్కడికే వస్తుంది. తీసుకున్నవాడు తీసుకున్నట్టే మిడ్‌ఫీల్డ్ దాకా పరుగు పెడతాడు. షర్టుకు మట్టి అంటకుండా ఇంటికెళ్లిన రోజు స్టాపర్ బాగా ఆడినట్టు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని కోచ్‌లు చాలామందే ఉన్నారు.

కానీ పక్కన కూర్చోబెడితే మాత్రం ఓర్చుకోలేడు. 2005 ఆగస్టులో సీజన్ మొదటి మ్యాచ్‌కి తనను తీసుకోలేదని బయట మాట్లాడేశాడు. మౌరిన్యో ఊరుకుంటాడా, ఇతనికి తెలివి పరీక్ష పెట్టించాలని పత్రికల ముందే అన్నాడు. అది ఎలాగో సర్దుకుంది.

2006 ప్రపంచ కప్పు. ఇంగ్లండ్‌తో క్వార్టర్ ఫైనల్, మళ్లీ గెల్సెన్‌కిర్చెన్, అదే స్టేడియం. 62వ నిమిషం. పెనుగులాటలో ఇంగ్లండ్ ఆటగాడు రూనీ ఒకతని తొడల మధ్య తొక్కాడు, రెఫరీ రెడ్ కార్డు తీశాడు. దీని గురించి ఎవర్నడిగినా రొనాల్డో కన్నుగీటిన సంగతే చెబుతారు. కింద పడి మెలికలు తిరిగిపోయినవాడు ఎవరని అడిగి చూడండి, సగం మందికి తెలియదు. కర్వాల్యో. నాలుగు రోజులకు ఫ్రాన్స్‌తో సెమీఫైనల్‌లో ఆన్రీని పడేశాడని పెనాల్టీ ఇచ్చారు, జిదాన్ కొట్టాడు, 1-0తో ఓడారు. అదైతే అందరికీ గుర్తుంది. డిఫెండర్ బతుకంతే.

2010లో రియల్ మాడ్రిడ్ వెళ్లాడు. ఇక 2011 ఆగస్టు 31. సైప్రస్‌తో మ్యాచ్‌కి పోర్చుగల్ శిబిరం నడుస్తోంది. గాయం నుంచి కోలుకుంటున్న మరో స్టాపర్ పెపెను ఆడిస్తున్నారనీ, తనకు చోటు లేదనీ తెలిసింది. ఇతను సామాను సర్దుకుని, కోచ్‌కి ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. వయసు 33. కోచ్ పౌలో బెంతో ఇతన్ని శిబిరం వదిలి పారిపోయిన సిపాయి అన్నాడు. ఇతను బెంతోను కిరాయి సిపాయి అన్నాడు. ఫెడరేషన్ ఏడాది నిషేధం వేసింది. 2012 యూరో పోయింది, 2014 ప్రపంచ కప్పూ పోయింది. తప్పు కర్వాల్యోదే, నాకందులో అనుమానం లేదు. ఏడేళ్ల కిందట కౌటో ఇలాగే సామాను సర్దుకుని ఉంటే ఇతని గతేమిటి?

2014లో బెంతో పోయి ఫెర్నాండో సాంతోస్ కోచ్‌గా వచ్చాడు. వస్తూనే ఇతన్ని పిలిచాడు, 36 ఏళ్ల వయసులో. మరుసటి మార్చిలో లిస్బన్‌లో సెర్బియా మీద పదో నిమిషంలో హెడ్‌తో గోల్ కొట్టి, కాసేపటికే కండరం పట్టేసి బయటికొచ్చేశాడు. ముసలి కాలు మాట వినదు కదా.

2016 యూరోకి వయసు 38. గ్రూప్ మ్యాచ్‌లు మూడూ ఆడాడు. మూడోది హంగరీతో, 3-3. అందులో మూడుసార్లు వెనకబడి మూడుసార్లూ సమం చేశారు. తర్వాతి మ్యాచ్ క్రొయేషియాతో. సాంతోస్ ఇతన్ని తీసేసి జొసే ఫాంటేని పెట్టాడు. నాకౌట్లు నాలుగింటిలో పోర్చుగల్ ఇచ్చింది ఒకే ఒక్క గోల్, అంటే సాంతోస్ లెక్క తప్పలేదు. ఈసారి కర్వాల్యో ఎక్కడికీ వెళ్లలేదు, జట్టుతోనే ఉన్నాడు. ఫైనల్‌లో ఎడెర్ 109వ నిమిషంలో కొట్టాడు. పోర్చుగల్‌కు అదే మొదటి పెద్ద కప్పు. కర్వాల్యో ఖాతాలో 89 మ్యాచ్‌లు, అయిదు గోల్స్, ఆ కప్పు. హంగరీ మ్యాచే దేశానికి ఆఖరిదైంది.

తర్వాత కొన్నాళ్లు షాంఘైలో ఉండి ఆట మానేశాడు. 2023 నుంచి జాతీయ జట్టు కోచ్ మార్టినెజ్ దగ్గర సహాయకుడు. అంటే ఇప్పుడు ఉద్యోగమే బెంచీ మీద. 2024 జులై 5న హాంబర్గ్‌లో ఫ్రాన్స్‌తో యూరో క్వార్టర్ ఫైనల్, నూట ఇరవై నిమిషాలు గోల్ లేదు, పెనాల్టీల్లో పోర్చుగల్ ఓడింది. స్టాపర్‌గా ఆడి, చివర్లో ఏడ్చింది 41 ఏళ్ల పెపె. పదమూడేళ్ల కిందట ఎవరికోసం తన చోటు తీసేశారని ఇతను శిబిరం విడిచి వెళ్లాడో, ఆ పెపెనే. పెపెకు అదే ఆఖరి మ్యాచ్.