ఎల్లోనైఫ్ టు ఇకాల్యూట్: మూడు గంటలని ఎవరు చెప్పారు?

ఎల్లోనైఫ్ నుంచి ఇకాల్యూట్‌కి విమానంలో ఎంతసేపు? దూరాలు లెక్కేసే సైట్లలో కొడితే టక్కున వచ్చే జవాబు: 2,260 కిలోమీటర్ల పైచిలుకు, సుమారు మూడు గంటలు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. దూరం సరే. ఆ టైమ్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

రెండూ కెనడా ఉత్తరాన ఉన్న టెరిటరీల (రాష్ట్రాల్లాంటి ప్రాంతాల) రాజధానులే. ఎల్లోనైఫ్ నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌ది. ఇకాల్యూట్ 1999లో ఏర్పడ్డ నునావుట్‌ది. బాఫిన్ దీవిలో ఉంది, బయటి ఊళ్లతో కలిపే రోడ్డే లేదు. "కార్లో ఎన్ని గంటలు" అని అడిగేవాళ్లకి ఓ దండం.

(తెర మీద ప్రపంచ పటం)

మ్యాప్‌లో ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి. రేఖాంశాల్లో తేడా దాదాపు 46 డిగ్రీలు. మన హైదరాబాద్‌కీ సూడాన్‌లో ఖార్టూమ్‌కీ మధ్య కూడా అంతే! కానీ అక్కడ దూరం 4,900 కిలోమీటర్లు. ఇక్కడ అందులో సగం కూడా లేదు.

చారల పుచ్చకాయ ఒకటి ఊహించుకోండి. చారలు రేఖాంశాలు, నడుం భూమధ్యరేఖ, తొడిమ ఉత్తర ధ్రువం. నడుం దగ్గర ఎడంగా ఉన్న చారలు తొడిమ దగ్గరికి వెళ్లేసరికి ఇరుకైపోతాయి. హైదరాబాద్ నడుం వైపు. అక్కడ ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే 106 కిలోమీటర్లు. ఈ రెండు ఊళ్లేమో తొడిమ వైపు, డిగ్రీకి 50 చాలు. మ్యాప్ గీసినవాడు తొక్క ఒలిచి, బల్ల మీద పరిచి, తొడిమ దగ్గరి ముక్కల్ని బలవంతంగా సాగదీశాడు.

అదే కాయ మీద రెండు గుండుసూదులు గుచ్చి దారం బిగించండి. దారం అడ్డంగా నిలవదు, తొడిమ వైపు జారుతుంది. విమానానికి దగ్గరి దారి అదే, ఉత్తర అక్షాంశం 65 డిగ్రీల దాకా ఎక్కి దిగుతుంది. ఈ వంపు దారి గురించి జనం చేసే హంగామా చూస్తే నవ్వొస్తుంది. మ్యాప్ మీద తిన్నగా గీసిన గీత వెంట పోయేదానికంటే ఇక్కడ దానివల్ల మిగిలేది ఓ 50 కిలోమీటర్లు!

ఇక టైమ్. సైట్లు చేసేదల్లా ఆ దూరాన్ని గంటకి 800 చొప్పున, జెట్ వేగంతో భాగించడం. ఆ ప్రాంతంలో చాలా రూట్లలో తిరిగేది ఏటీఆర్ 42. రెండు ప్రొపెల్లర్ల బండి, గంటకి 550 దగ్గర. జనం వెనక తలుపులోంచి ఎక్కుతారు. కొన్నిట్లో ముందు సగం సరుకే, మధ్యలో అడ్డగోడ. నిండుగా ఎక్కిస్తే అది ఒక్క బిగిన అంత దూరం పోలేదు. హడ్సన్ బే పడమటి ఒడ్డున రాంకిన్ ఇన్‌లెట్‌లో దిగాలి. తమాషా ఏంటంటే, పుచ్చకాయ మీద ఆ ఊరు దాదాపు దారం పక్కనే. దిగినా పెరిగే దూరం మళ్లీ ఓ 50. గాల్లోనే నాలుగు గంటల పైన, ఆగిన సేపు అదనం.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. రెండు ఊళ్ల గడియారాలకి రెండు గంటల తేడా. తూర్పుకి వెళ్తుంటే టికెట్ మీద ప్రయాణం రెండు గంటలు ఎక్కువగా, వెనక్కొస్తుంటే రెండు తక్కువగా కనిపిస్తుంది. నిజానికి వెనక్కొచ్చేటప్పుడే సాధారణంగా ఎదురుగాలి, ఎక్కువసేపు పట్టేది అదే. మంచు తుఫానొస్తే? టికెట్ జేబులో పెట్టుకుని రాంకిన్‌లో హోటల్ గది వెతుక్కోండి.