రియోలో ఓడిన అమ్మాయి

శ్రోతలకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒక కుస్తీ క్రీడాకారిణి గురించి చెబుతాను. పేరు ఐసులూ తినిబెకోవా. చెవికి కొత్తగా ఉంది కదూ, అందుకే ఇంకోసారి చెబుతాను: ఐసులూ తినిబెకోవా. కిర్గిజ్‌స్తాన్ అమ్మాయి. ఆ దేశంలో ఉన్న జనమంతా కలిసినా మన బెంగళూరు జనమంత ఉండరు. పేరు తెలియకపోయినా మనిషిని మీలో చాలామంది చూసే ఉంటారు. 2016 రియో ఒలింపిక్స్‌లో మన సాక్షి మలిక్ చేతిలో ఓడిపోయి, కాంస్య పతకం చేజార్చుకున్నది ఈ అమ్మాయే.

ఆ వారం తెలుగు ఇళ్ళల్లో ఎవరి నోట విన్నా సింధు మాటే. బ్యాడ్మింటన్‌లో సింధు ఒక్కో మ్యాచూ గెలుస్తూ ఫైనల్ వైపు నడుస్తోంది. ఆ మధ్యలో, మనకు అర్ధరాత్రి దాటాక, సాక్షి పతకం గెలిచింది. తెల్లవారితే రాఖీ పండగ. పొద్దున లేచి వార్త విన్నవాళ్ళే ఎక్కువ. పోటీ మొత్తం చూసినవాళ్ళు తక్కువ. కాబట్టి ఆ ఆరు నిమిషాలూ చెప్పనివ్వండి.

ఆడవాళ్ళ ఫ్రీస్టైల్ కుస్తీ అంటే మూడు నిమిషాలు, ముప్ఫై సెకన్ల విరామం, మళ్ళీ మూడు నిమిషాలు. ఎదుటి మనిషిని మ్యాట్ మీదికి పడగొట్టి పైచేయి సాధిస్తే రెండు పాయింట్లు. గీత బయటికి నెడితే ఒకటి. రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనించి అదిమిపెడితే ఇక పాయింట్ల లెక్కే ఉండదు, ఆట అక్కడితో ముగుస్తుంది.

మొదటి మూడు నిమిషాలు ఐసులూవి. పూర్తిగా ఆమెవే. విరామానికి స్కోరు 5–0. సాక్షి ఆ రోజు అప్పటికే నాలుగు పోటీలు ఆడి వచ్చింది. క్వార్టర్ ఫైనల్లో రష్యా అమ్మాయి చేతిలో ఓడింది కూడా. తనను ఓడించిన ఆ అమ్మాయి ఫైనల్‌కి చేరడంతో, నియమం ప్రకారం సాక్షికి కాంస్యం కోసం మళ్ళీ దారి తెరుచుకుంది. అలా వచ్చిన అవకాశంలో ఇప్పుడు ఐదు పాయింట్లు వెనకబడి నిలబడింది.

రెండో సగంలో సాక్షి ఒకే పట్టు నమ్ముకుంది. వంగి, దూసుకెళ్ళి, రెండు కాళ్ళూ ఒకేసారి దొరకబుచ్చుకోవడం. మన యశవంతపుర మార్కెట్ యార్డులో హమాలీ బస్తా కిందికి దూరతాడే, అలా. రెండు పాయింట్లు. మళ్ళీ రెండు. ఇంకొకటి. స్కోరు 5–5. గడియారంలో సెకన్లు మాత్రమే మిగిలాయి. అప్పుడు మళ్ళీ అదే పట్టు. మళ్ళీ కాళ్ళే. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. పైన సాక్షి, కింద ఐసులూ. 7–5. కిర్గిజ్ శిబిరం చాలెంజ్ చేసింది. వీడియో చూశారు, చాలెంజ్ చెల్లలేదు, అందుకు ఇంకో పాయింటు సాక్షికే. 8–5. ఒలింపిక్స్‌లో మన దేశపు ఆడపిల్ల కుస్తీ పతకం గెలవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత కెమెరా సాక్షి వైపు తిరిగింది. తిరగాలి కూడా. త్రివర్ణ పతాకం కప్పుకుని కోచ్ భుజాల మీద ఊరేగుతోంది ఆ పిల్ల. కానీ నాకు మాత్రం ఆ రెండో అమ్మాయి ఏమైందో తెలుసుకోవాలనిపించింది. ఐదు పాయింట్లు చేతిలో ఉండగా, కొద్ది సెకన్లలో ఒలింపిక్ పతకం పోగొట్టుకున్న మనిషి మర్నాడు పొద్దున ఏం చేస్తుంది?

ఏం చేసిందో రెండేళ్ళకు జకార్తాలో కనిపించింది. 2018 ఆసియా క్రీడలు, 62 కిలోల విభాగం, సెమీఫైనల్. మ్యాట్‌కి అటు ఐసులూ, ఇటు సాక్షి. మళ్ళీ వాళ్ళిద్దరే! ఈసారి ఆధిక్యం సాక్షిది, 7–6. గడియారం అయిపోవస్తోంది. చివరి క్షణాల్లో ఐసులూ రెండు పాయింట్లు లాగేసుకుంది. 8–7. రియోలో తనకు జరిగింది జకార్తాలో తను చేసి చూపించింది. సాక్షి అభిమానిగా ఆ రోజు నాకు బాధ కలిగింది, కానీ ఆ పట్టుదల చూసి దండం పెట్టాలనిపించింది. ఆ క్రీడల్లో బంగారం ఐసులూదే.

తర్వాతిది గబగబా చెప్పేస్తాను. 2019లో ప్రపంచ చాంపియన్. 2021లో టోక్యో ఒలింపిక్స్ ఫైనల్, జపాన్ అమ్మాయి యుకాకో కవాయి చేతిలో 4–3 తేడాతో ఓటమి, రజతం. ఒక్క పాయింటు! మళ్ళీ అదే బాధ. రెండు నెలలు తిరిగేసరికి ఓస్లోలో మళ్ళీ ప్రపంచ చాంపియన్. 2024 పారిస్‌లో ఒలింపిక్ కాంస్యం. సాక్షి కూడా ఊరుకోలేదు, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో 0–4 వెనకబడి, ప్రత్యర్థి భుజాలు మ్యాట్‌కి ఆనించి బంగారం తెచ్చింది.

ఇందులో ఒక విషయం జాగ్రత్తగా వినండి. రియోలో ఐసులూ ఆడింది 58 కిలోల విభాగంలో. ప్రపంచ చాంపియన్ అయింది 62లో. ఓడాక ఆమె బరువు దించుకుని చిన్న విభాగంలోకి జారుకోలేదు. పైకి వెళ్ళింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అనంతపురం నుంచి వచ్చి యెలహంకలో స్థిరపడిన ఒక తల్లి ఈమధ్య నన్ను అడిగింది. "మా పాప మొదటి పోటీలోనే ఓడిపోయిందండీ. 53 కిలోల నుంచి 49కి దించితే గెలుస్తుందంటున్నారు. దించమంటారా?" పాప వయసెంతమ్మా అన్నాను. పద్నాలుగు అంది.

వద్దమ్మా, అన్నాను. ఇప్పుడు మీ అందరికీ అదే చెబుతున్నాను. వద్దు. ఎదిగే వయసు పిల్లకు నాలుగు కిలోలంటే మాటలు కాదు. తిండి మాన్పించి, మంచినీళ్ళు ఆపి, ఒంటికి ప్లాస్టిక్ చుట్టి పరిగెత్తిస్తారు. తూకంలో నెగ్గుతుంది, మ్యాట్ మీద కాళ్ళలో సత్తువ ఉండదు. అదే అలవాటైతే నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. పారిస్‌లో మన వినేశ్ ఫోగట్ కుస్తీ ఫైనల్ చేరాక తూకంలో 100 గ్రాములు ఎక్కువ తూగి ఆగిపోయిన ఉదయం మనందరికీ గుర్తుంది. అంత అనుభవం, అంతమంది సహాయకులు ఉన్న మనిషికే శరీరం ఎదురు తిరిగింది. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ కష్టం దేనికి?

మన బెంగళూరు పాత పేటల్లో ఎర్రమట్టి గరడి మనెలు, అంటే కుస్తీ నేర్పే వ్యాయామశాలలు, ఇంకా ఉన్నాయి. చాలాకాలం అవి మగపిల్లలకే. ఇప్పుడు ఆడపిల్లల్ని కుస్తీకి పంపే తెలుగు తల్లిదండ్రులు ఈ ఊళ్ళో కనిపిస్తుంటే నాకెంత సంతోషమో చెప్పలేను. పంపండి. పంపేముందు కోచ్‌ని కూర్చోబెట్టుకుని మూడు సంగతులు అడగండి. దెబ్బ తగలకుండా పడడం ముందు నేర్పుతారా? మెడకు బలం వచ్చే కసరత్తులు చేయిస్తారా? పోటీ ముందు పిల్ల బరువు ఎక్కువ తూగితే ఏం చేస్తారు? ఆ మూడో ప్రశ్నకు "పై విభాగంలో ఆడిస్తాం" అని జవాబొస్తే, పిల్లని అక్కడ చేర్పించండి.

సెలవు. నమస్కారం.