మార్చురీ బయట రెండు లక్షల బేరం

నమస్కారం అన్నా, నమస్కారం అక్కా. ఈ రోజు కొంచెం కోపంగానే మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దండి.

మా వీధిలో ఒక మేస్త్రి ఉండేవాడు. 38 ఏళ్లు. పోయిన నెల పూతలపట్టు-నాయుడుపేట రోడ్డు మీద పని ముగించుకొని బైక్‌లో ఇంటికొస్తుంటే వెనక నుంచి లారీ గుద్దేసింది. తమిళనాడు నంబరు బండి. డ్రైవర్ కునుకు తీశాడో, ఫోన్ చూసుకుంటున్నాడో తెలియదు. హ్యాండిల్‌కు తగిలించిన క్యారియర్ మాత్రం నలగలేదు. మజ్జిగ గిన్నె మూత కూడా ఊడలేదు.

అప్పటికి శవం ఇంకా మార్చురీలోనే ఉంది. బయట టీ బంకు దగ్గరికి ఓనర్ తరఫున ఒక పెద్దమనిషి దిగిపోయాడు. "పోయినోడు ఎట్లా తిరిగిరాడు తల్లీ. ఆ డ్రైవర్ కూడా పేదోడే. రెండు లక్షలు ఇప్పిస్తా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అంటున్నాడు. స్టాంప్ ప్యాడ్ కూడా జేబులో పెట్టుకొచ్చాడండీ! నేను కాయితం లాక్కుని చదివితే, "బైక్ స్కిడ్ అయి తనంతట తానే పడిపోయాడు" అని రాసుంది.

ఆ ఒక్క ముక్కతో లారీ కథలోంచే మాయమైపోతుంది. లారీ లేకపోతే ఇన్సూరెన్స్ ఎక్కడిది?

డ్రైవర్ పేదోడే, కాదనను. కానీ పరిహారం అతని జేబులోంచి రాదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే బండి గుద్దితే నష్టపోయిన అవతలి వాళ్లకు కంపెనీ డబ్బు కట్టే ఇన్సూరెన్స్, లేకుండా బండి రోడ్డెక్కకూడదని చట్టం పెట్టింది ఇందుకే. ఇన్సూరెన్స్ లేని ఓనర్‌కైతే సొంత డబ్బే పోతుంది కాబట్టి, రాజీకి తొందర ఎక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి. మేస్త్రికి నెలకు 15 వేలు అనుకుందాం. ఏడాదికి లక్షా 80 వేలు. 40 ఏళ్ల లోపు వాడు, సొంత పని, కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. 2 లక్షల 52 వేలు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, నలుగురు అతని మీద ఆధారపడ్డారు, అందుకని అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది లక్షా 89 వేలు. ఆ వయసుకు దాన్ని 15తో గుణిస్తారు. 28 లక్షల 35 వేలు! అంత్యక్రియల ఖర్చులాంటివి దీనికి అదనం. ఇది నా సొంత లెక్క కాదు, 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసిన పద్ధతి. ఆ పెద్దమనిషి ఇప్పిస్తానన్నది రెండు.

శిక్ష సంగతి వేరు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా పడొచ్చు. కానీ బెయిలిచ్చే నేరమే, అందుకే డ్రైవర్ చాలాసార్లు సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటాడు. కడుపు మండుతుంది, నిజమే. ఆ మంటలో కాయితాలు వదిలేస్తాం, అదీ మన తప్పు.

2017 ఏప్రిల్ 21 గుర్తుందా? తిరుపతి దగ్గర ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందు, ఇసుక అక్రమాల మీద గోడు చెప్పుకోవడానికి వచ్చిన మునగలపాళెం రైతుల మీదికి లారీ దూసుకొచ్చింది. ఆ రోజు టీవీల ముందు కూర్చుని డ్రైవర్‌ను అందరం తిట్టాం. ఆ ఇళ్ల వాళ్ల కేసులు ఎక్కడిదాకా వచ్చాయని తర్వాత నేను ఒక్కసారీ ఆరా తీయలేదు.

2022 ఏప్రిల్ నుంచి రూల్ ఏమిటంటే, పోలీసులు 48 గంటల్లో ప్రమాదం గురించి మొదటి రిపోర్టు ట్రిబ్యునల్‌కు, అంటే ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టుకు, పంపాలి, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ఇవ్వాలి. బాధితులకూ కాపీ ఇవ్వాలి. అడిగితే "ఏం కాపీ?" అని ఎదురు ప్రశ్న వేసేవాళ్లూ ఉంటారు. మళ్లీ అడగండి.

మేస్త్రి భార్య నన్ను అడిగింది ఒక్కటే. "బండి అరవ నంబరు కదన్నా, కోర్టుకు మద్రాసు పోవాల్నా?" అక్కర్లేదమ్మా, నువ్వుండే ఊరి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు అన్నాను. వేలిముద్ర వేయలేదు ఆమె. కూలి లెక్కలు రాసుకున్న మేస్త్రి నోటుబుక్కు ఇంట్లో దొరికింది, సంపాదనకు సాక్ష్యం అదే. బుధవారం ఎఫ్ఐఆర్ నకలు కోసం స్టేషన్‌కు పోతున్నాం. ఏమన్నారో ఆ రోజు రాత్రే వచ్చి చెప్తాను.