బ్యాటరీ కొనే ముందు ఒక్కసారి మీటర్ పెట్టండి: సిమిలిగుడలో మా బావ బండి కథ

అందరికీ నమస్కారం. మనది రాయగడ అని మీకు తెలుసు. ఈరోజు మాత్రం కొరాపుట్ దగ్గర సిమిలిగుడలో, మా అక్కావాళ్ల ఇంటి ముందు ఉన్నాను. పొద్దున్న ఏడైంది. మంచు ఇంకా విడలేదు, మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వస్తోంది చూడండి. ఇదిగో, సెల్ఫ్ కొడుతున్నాను, వినండి.

టక్ టక్ టక్. అంతే.

బండి మా బావది. ఆదివారం ఆదివారం జయపురం వెళ్లిరావడానికి తీస్తాడు, మిగతా వారమంతా ఇంటి ముందే. బ్యాటరీ వేసి పద్నాలుగు నెలలే అయింది. అది కూడా రెండోది! నిన్న షాపుకెళ్తే వాళ్లు బానెట్ కూడా తీయకుండా "బ్యాటరీ ఖరాప్ హెయిగలా" అనేశారట. మూడోది కొనడానికి బావ డబ్బులు కూడా తీసిపెట్టాడు. నాకు మండింది. ఏడాదికో బ్యాటరీ తినేస్తున్న బండికి ఇంకో బ్యాటరీ పెడితే దాన్నీ తినేస్తుంది కదా?

ముందు వోల్టేజ్ చూద్దాం. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఫుల్ చార్జ్ ఉంటే 12.6 చూపించాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. మనకి 11.4. చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడం కష్టమవుతుంది. కానీ బ్యాటరీని లోపల లోపల చంపేది ఎండ. మా రాయగడ ఎండల్లో తిరిగిన బ్యాటరీ బలహీనమైందని కొరాపుట్ చలిలోనే బయటపడుతుంది.

పక్కింటివాళ్ల బండితో జంపర్ కేబుల్ వేశాం. ప్లస్ నుంచి ప్లస్‌కి. నల్ల క్లిప్పు చివరిది మన బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజిన్ ఇనుముకి. స్టార్టయ్యాక మీటర్ 14.2 చూపించింది. అంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమో బాగానే ఉంది. ఆల్టర్నేటర్ అనాలేమో, మాకు డైనమోనే అలవాటు. కొత్త బండ్లలో ఇది కంప్యూటర్ చెప్పినట్టు ఎక్కువ తక్కువ అవుతుంది, కాసేపు 13 చూపించినా కంగారు పడకండి. ఇంకోమాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమో చూసే పాత పద్ధతి ఉంది. ఈ బండ్లతో ఆ పని చేయకండి. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరితే ఇంజిన్ కంప్యూటర్ పోతుంది. దాని ధర ముందు బ్యాటరీ ధర ఎంత?

ఇక దొంగని పట్టాలి, అంటే ఆగి ఉన్న బండిలో కరెంటు తినేస్తున్నదాన్ని. ఇంజిన్ ఆపేసి, మైనస్ వైరు విప్పి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్యలో మల్టీమీటర్ పెట్టాను, 10 ఆంప్స్ సాకెట్‌లో. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టారంటే మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. తాళం ఇంట్లో దూరంగా పెట్టించాను, రిమోట్ దగ్గరుంటే బండి నిద్రపోదు. తలుపు లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి, మూసినట్టు నమ్మించాను.

మొదట 2.6 ఆంప్స్. ఇది చూసి భయపడకండి, లోపలి కంప్యూటర్లు ఇంకా మేలుకునే ఉన్నాయి. అరగంట, కొన్ని బండ్లలో గంట ఆగాలి. అక్క అల్లం టీ తెచ్చింది, తాగి వచ్చి చూశాను. 0.42 దగ్గర ఆగిపోయింది. మామూలుగా 0.05 లోపు ఉండాలి. 0.42 అంటే రోజుకి దాదాపు 10 ఏహెచ్, అంటే ఆంపియర్-అవర్లు. బ్యాటరీ మొత్తం 45. లెక్క మీరే వేసుకోండి, బుధవారానికి ఏం మిగులుతుంది?

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకితే నిద్రపోయిన కంప్యూటర్లు మళ్లీ లేవచ్చు. అందుకే ఫ్యూజ్ నెత్తిమీదున్న రెండు చుక్కల మధ్య మిల్లీవోల్ట్స్ చూస్తూ వెళ్లాను. కరెంటు పారని ఫ్యూజ్ సున్నా చూపిస్తుంది. మ్యూజిక్ సిస్టం ఫ్యూజ్ సున్నా చూపించలేదు. సెట్టు బయటికి లాగితే తెలిసింది. ఇది బయట వేయించిన సెట్టు. ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన పసుపు వైరునీ, తాళం తిప్పితేనే రావాల్సిన ఎర్ర వైరునీ కలిపి ఒకేచోట ముడేశారు. ఎర్ర వైరుని తాళం లైనుకి మార్చి మళ్లీ కొలిస్తే 0.03.

అయినా బ్యాటరీ మార్చక తప్పలేదు. రాత్రంతా చార్జర్ పెడితే 12.6 వచ్చింది. కానీ సెల్ఫ్ కొట్టగానే 8.3కి పడిపోయింది. 9.6 కంటే కిందకి పడకూడదు. మళ్లీ మళ్లీ ఖాళీ అయిపోతే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. చేసింది సెట్టు, పోయింది బ్యాటరీ.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగే బండి ఇది. దీనికి పదేపదే స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ రకం బ్యాటరీ, కొన్నింటికి ఏజీఎం రకం కావాలి. తక్కువకి వస్తోందని మామూలుది వేస్తే త్వరగా పోతుంది. పాతదాని మీదున్న నంబరు ఫొటో తీసుకెళ్లండి. చివర్లో ఎల్, ఆర్ అక్షరం తేడా వస్తే టెర్మినల్ అటుదిటు అయి వైరు అందదు.

విప్పేముందు ఒక కిటికీ అద్దం దించి ఉంచండి. పది నంబరు స్పానర్‌తో మైనస్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ విప్పుతున్న స్పానర్ బాడీకి తగిలినా అప్పుడు నిప్పురవ్వలు రావు. మైనస్ మీదున్న ఈ నల్ల పెట్టె సెన్సర్, పట్టుకుని లాగకండి. కింద క్లాంప్ గట్టిగా బిగించండి, మన ఘాట్ రోడ్ల కుదుపులకి వదులు బ్యాటరీ నిలబడదు. తర్వాత గడియారం, అద్దాల ఆటో సెట్టింగ్ మళ్లీ పెట్టుకోవాలి. ఇంజిన్ ఆగే సిస్టం కొన్ని రోజులు పనిచేయకపోవచ్చు, సెన్సర్ నేర్చుకునేదాకా ఆగాలి. కొన్ని బండ్లకి కొత్త బ్యాటరీ అని స్కానర్‌తో చెప్పాలి కూడా. పాతది షాపులోనే ఇచ్చేయండి, రేటు తగ్గిస్తారు. అందులో సీసం ఉంది, యాసిడ్ ఉంది, గుజరీలో పారేయకండి.

ఇదంతా వీడియో తీసి రెండు వారాలైంది. నిన్న బావ ఫోన్ చేశాడు. తొమ్మిది రోజులు కదపని బండి ఒక్క సెల్ఫ్‌కే లేచిందట. ఆ తర్వాత కాస్త నసిగాడు. "ఒరేయ్, తాళం లేకుండా పాటలు రావట్లేదేంట్రా? వైర్లు అలా కలపమని అప్పట్లో అతనికి చెప్పింది నేనే."