ఫ్లాష్ పని పట్టపగలే ఎక్కువ

మిత్రులందరికీ నమస్కారం.

దసరాకి కృష్ణలో తెప్పోత్సవం జరిగే రాత్రి ఒడ్డున జనాన్ని చూడండి. హంస వాహనం ఎక్కడో నది మధ్యలో ఉంటుంది. ఇక్కడ చేతుల్లో ఫ్లాష్‌లు టపటపా వెలుగుతుంటాయి. ఆ వెలుగు వాహనం దాకా పోనే పోదు. ఫొటోలో ముందువాళ్ల తలకాయలు తెల్లగా పడతాయి, తెప్ప చీకట్లో కలిసిపోతుంది. పాపం, జనం ఏం చేస్తారు? చీకటి పడిందనగానే ఫ్లాష్ లేపేది ఆటో మోడే.

కెమెరాలో ఉండే ఈ చిన్న ఫ్లాష్ బలాన్ని గైడ్ నంబర్‌తో చెబుతారు. మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో, అంటే లెన్స్ మార్చుకునే కెమెరాల్లో, ఐఎస్ఓ 100 దగ్గర అది 12 మీటర్లు, అటూ ఇటూగా. ఐఎస్ఓ అంటే కెమెరా వెలుగుని ఎంత సున్నితంగా పట్టుకుంటుందో చెప్పే అంకె. ఎపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, దాని ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. గైడ్ నంబర్‌ని ఆ అంకెతో భాగిస్తే వెలుగు సరిగ్గా చేరే దూరం తెలుస్తుంది. ఎఫ్ 4 పెడితే 3 మీటర్లు, అంటే పదడుగులు. ఐఎస్ఓ 400 చేస్తే 6 మీటర్లు. అందుకని తెప్పోత్సవంలో ఫ్లాష్ మూసేయండి. ఐఎస్ఓ పెంచి, కెమెరాని రెయిలింగ్ మీద కదలకుండా ఆనించండి. వాహనం మీది దీపాలే ఫొటోకి చాలు.

మరి ఫ్లాష్ ఎప్పుడు వాడాలి? నన్నడిగితే పట్టపగలు. నవ్వకండి. మన బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం భవానీ ద్వీపంలో పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీస్తే నుదురు మెరుస్తుంది, కళ్ల గుంటలు నల్లగా పడతాయి. ముక్కు కింద నీడ మీసంలా ఉంటుంది. అప్పుడు ఫ్లాష్ బలవంతంగా ఆన్ చేయండి. ఆ నీడలు తేలికవుతాయి, కళ్లలో చిన్న మెరుపు కూడా వస్తుంది.

ఒక చిక్కుంది. ఫ్లాష్ వేసినప్పుడు చాలా కెమెరాల్లో షట్టర్ సెకనులో 1/200 లేదా 1/250 వంతు కంటే వేగంగా పోదు. ఆ ఎండకి ఎపర్చర్‌ని ఎఫ్ 11 దాకా మూయాల్సి వస్తుంది. ఇందాకటి లెక్క వేస్తే ఫ్లాష్ మీటరు దాటి పెద్దగా పోదు. మనకి నీడలు కాస్త తేలికైతే చాలు కాబట్టి అయిదడుగుల దూరంలో నిలబడండి, సరిపోతుంది. జూమ్ చేసి దూరం నుంచి తీస్తే మాత్రం ఫ్లాష్ వేసినా వేయనట్టే. సాయంత్రం బ్యారేజీ మీద సూర్యుడు మనిషి వెనక ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి. అప్పటికి ఎండ తగ్గుతుంది కాబట్టి ఫ్లాష్ ఇంకొంచెం దూరం పనిచేస్తుంది. ముఖం మరీ తెల్లబడితే ఫ్లాష్ కాంపెన్సేషన్‌ని, అంటే ఫ్లాష్ బలాన్ని పెంచి తగ్గించే సెట్టింగ్‌ని, మైనస్ ఒకటికి దించండి.

ఇక పెళ్లిళ్లు. ముహూర్తం రాత్రి పన్నెండు దాటాక, మండపం నిండా సీరియల్ లైట్లు. ఆటోలో ఫ్లాష్ వేస్తే వధూవరులు తెల్లగా, వెనక అంతా నల్లగా. డెకరేషన్‌కి పోసిన డబ్బంతా ఫొటోలో మాయం! స్లో సింక్ పెట్టండి. షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరుచుకుని వెనక దీపాలు కూడా పడతాయి. చెయ్యి వణక్కూడదు, అంతే. జంటని గోడకి ఆనించి నిలబెట్టకండి, నాలుగడుగులు ముందుకి రమ్మనండి, నల్లటి నీడ వీపు వెనక అంటుకోదు. హోమం పొగ లేచినప్పుడు ఫ్లాష్ వద్దు, పొగే తెల్ల తెరలా పడుతుంది. చెమట పట్టిన ముఖానికి మాత్రం ఏ సెట్టింగూ లేదు, జేబురుమాలు ఇవ్వడమే.

గుంటూరు మిర్చి యార్డులోనూ ఇలాంటిదే. గాల్లో దుమ్ము లెన్స్‌కి దగ్గరగా తేలుతుంటుంది, ఫ్లాష్ పడితే తెల్లటి గుండ్రటి మచ్చలై వస్తుంది. కొందరు దాన్ని దేవుడి మహిమ అని కూడా పంచుకుంటారు, అది కారప్పొడి మహిమ.

ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతపద్మనాభస్వామిని ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీస్తే రాతి పలకలా కనిపిస్తాడు. చెక్కడం కనపడాలంటే నీడలుండాలి, లెన్స్‌ని ఆనుకుని ఎదురుగా కొట్టే ఫ్లాష్ వెలుగు వాటిని తుడిచేస్తుంది. విగ్రహానికి పక్కనుంచి వచ్చే పగటి వెలుగునే నమ్ముకోండి. మ్యూజియంలోకి వెళితే ఫ్లాష్‌కి అనుమతి ఉందో లేదో ముందు అడగండి. అద్దాల పెట్టెలకి ఎదురుగా కాకుండా ఏటవాలుగా నిలబడండి.

లెన్స్ ముందు తగిలించే గొట్టం, అదే లెన్స్ హుడ్, ఉన్నవాళ్లు ఇప్పుడే తీసేయండి. ఫ్లాష్ వేస్తే దాని నీడ ఫొటో కింది భాగంలో అర్ధచంద్రంలా పడుతుంది. టీ తాగాక బయటికి వెళదాం, ఎండ ఇంకా ఉంది. ఇద్దరిద్దరుగా నిలబడి, ఒకరినొకరు ఫ్లాష్ లేకుండా ఒకటి, వేసి ఒకటి తీయండి.