పీఎల్‌సీ-5 ప్రాసెసర్ పోయినప్పుడు: కార్డు మార్చడానికి ముందూ తర్వాతా

అందరికీ నమస్కారం. మెయింటెనెన్స్‌లో పనిచేసేవాళ్లకు పీఎల్‌సీ (ప్లాంట్‌లో యంత్రాలను ప్రోగ్రామ్ ప్రకారం నడిపే కంప్యూటర్) అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ఈరోజు మాట్లాడుకునేది అలెన్-బ్రాడ్లీ పీఎల్‌సీ-5 గురించి. 1980లలో వచ్చిన సిస్టమ్ ఇది. ఈ ప్రాసెసర్లనీ, వీటితో నడిచే 1771 ఐ/ఓ (ఇన్‌పుట్/అవుట్‌పుట్) కార్డులనీ అలెన్-బ్రాడ్లీ మాతృసంస్థ రాక్‌వెల్ ఆటోమేషన్ 2017 జూన్‌లో ఆపేసింది. కంపెనీ ఆపేసినంత మాత్రాన ప్యానెళ్లలోంచి అవి పోవు కదా. వైరింగ్ బాగుంది, ల్యాడర్ (అంటే ప్రోగ్రామ్) బాగుంది, నడిచేదాన్ని ఎందుకు కదిలించడం అంటూ బడ్జెట్ ఏటికేడు వాయిదా పడుతుంది. ఈలోగా ఓ నైట్ షిఫ్టులో ప్రాసెసర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది.

కార్డు తీసి కార్డు పెట్టడానికి పెద్ద సమయమేమీ పట్టదు. పాత కార్డు దగ్గరున్న సమాచారమంతా కొత్త కార్డుకు చేర్చడమే అసలు పని. ఆ సమాచారం మొత్తం ప్రోగ్రామ్ ఫైల్‌లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. దెబ్బతినేది అక్కడే.

ముందు ప్రాసెసర్ నిజంగా పోయిందా లేదా తేల్చుకోవాలి. ముందున్న ‘ప్రాక్’ లైటు ఎర్రగా మిణుకుతుంటే అది మేజర్ ఫాల్ట్. కార్డు బతికే ఉంది. ల్యాప్‌టాప్ పెట్టి స్టేటస్ ఫైల్‌లో ఎస్:11, ఎస్:12 చూడండి. ఫాల్ట్ ఏ ప్రోగ్రామ్ ఫైల్‌లో, ఏ రంగ్ (ల్యాడర్ ప్రోగ్రామ్‌లో ఒక మెట్టు) దగ్గర వచ్చిందో ఎస్:13, ఎస్:14 చెబుతాయి. టైమర్ ప్రీసెట్‌లోకి మైనస్ విలువ వెళ్లినా, ఇండైరెక్ట్ అడ్రస్ హద్దు దాటినా, స్కాన్ సమయం వాచ్‌డాగ్‌ను (దానికి పెట్టిన గడువును) మించినా ఇలాగే మిణుకుతుంది. దీనికి కార్డు మార్చితే కొత్త కార్డు కూడా అదే రంగ్ దగ్గర ఆగుతుంది.

లైటు కదలకుండా ఎర్రగా ఉంటే బ్యాటరీ లైటు కూడా చూడండి. అదీ ఎర్రగా ఉండి, అంతకుముందు కరెంటు పోయి వచ్చి ఉంటే, చాలాసార్లు జరిగింది ర్యామ్‌లోని ప్రోగ్రామ్ చెరిగిపోవడమే. 1770-ఎక్స్‌వైసీ లిథియం బ్యాటరీ మార్చి, మెమరీ క్లియర్ చేసి, ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ చేస్తే కార్డు లేచి కూర్చుంటుంది. ఇలా మెమరీ మాత్రమే పోయిన మంచి కార్డులు స్క్రాప్‌లోకి పోతుంటాయి. ఆ బ్యాటరీ మార్చేటప్పుడు పవర్ ఆన్‌లోనే ఉంచాలని గుర్తుంచుకోండి. పవర్ ఆపి బ్యాటరీ తీస్తే ఉన్న ప్రోగ్రామ్ కూడా పోతుంది.

లైట్లేవీ వెలగకపోయినా, ప్రాసెసర్ అప్పుడప్పుడూ పడిపోయి లేస్తున్నా అనుమానం పవర్ సప్లై మీదికి పోవాలి. 1785-ఎల్40బీ ప్రాసెసర్ ఒక్కటే 5 వోల్టుల లైను మీద 3 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 220 వోల్టుల స్లాట్ సప్లై 1771-పీ6ఎస్ ఇచ్చేది మొత్తం 8 ఆంపియర్లు, మిగతా కార్డులన్నీ అందులోనే బతకాలి. ఏళ్ల తరబడి వేడిలో ఉన్న సప్లైలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. లోడు లేనప్పుడు మీటర్ 5 వోల్టులు నిక్కచ్చిగా చూపిస్తుంది, లోడు పడగానే రిపుల్ పెరిగి ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. కొలవడానికి తంటాలు పడేకంటే మంచిదని తెలిసిన సప్లై పెట్టి చూడటం సులువు. కొత్త ప్రాసెసర్ పెట్టడానికి ముందే ఈ పని చేయాలి.

ప్రాసెసర్ ఏమాత్రం పలుకుతున్నా, పవర్ ఆపకముందే ప్రోగ్రామ్ అప్‌లోడ్ చేసుకోండి. దీనికి కారణాలు రెండు. ఒకటి, ల్యాప్‌టాప్‌లోని ఆర్‌ఎస్‌లాజిక్స్ 5 (పీఎల్‌సీ-5 ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) ఫైల్‌లో డేటా టేబుల్ విలువలు ఆ ఫైల్ సేవ్ చేసిన రోజువి. మూడేళ్ల కిందటి ఫైల్ డౌన్‌లోడ్ చేస్తే ఎన్7, ఎఫ్8 ఫైళ్లలోని సెట్ పాయింట్లు, రెసిపీలు, టోటలైజర్లు, పీఐడీ (ఉష్ణోగ్రత, ఒత్తిడి లాంటివాటిని సెట్ పాయింట్ దగ్గర నిలిపే లూపు) ట్యూనింగ్ మూడేళ్లు వెనక్కి పోతాయి. లాజిక్ సరిగ్గానే నడుస్తుంది, ప్లాంట్ మాత్రం తప్పుగా నడుస్తుంది. ఇది దొరకబట్టడం కష్టం. రెండోది, రంగ్ కామెంట్లు, సింబల్స్ ప్రాసెసర్‌లో ఉండవు, ల్యాప్‌టాప్ ఫైల్‌లోనే ఉంటాయి. ఫైల్ లేకుండా అప్‌లోడ్ చేస్తే ఉత్త అడ్రస్‌లే చేతికొస్తాయి. కాబట్టి పాత ఫైలూ కావాలి, కొత్త అప్‌లోడూ కావాలి.

ఇప్పుడు స్విచ్‌ల సంగతి. ఇవి ఏ ఫైల్‌లోనూ ఉండవు. పాత కార్డు బయటికి తీయగానే దాని మీది ఎస్‌డబ్ల్యూ1, ఎస్‌డబ్ల్యూ2 రెండింటినీ ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయండి. ఎస్‌డబ్ల్యూ1లో మొదటి ఆరు స్విచ్‌లు 1ఏ ఛానెల్ డీహెచ్ ప్లస్ (ప్రాసెసర్లను కలిపే నెట్‌వర్క్) స్టేషన్ నంబరు. అది ఆక్టల్‌లో 0 నుంచి 77 వరకు. 8, 9 అంకెలు ఉండవు. ఏడోది వేగం: 57.6 లేదా 230.4 కిలోబాడ్. స్పేర్ కార్డు మీద వేగం స్విచ్ తప్పుగా ఉంటే ఆ ఒక్క స్టేషన్‌తో పోదు, నెట్‌వర్క్ మొత్తం గందరగోళమవుతుంది. పక్క ప్యానెల్ ఆపరేటర్ కూడా స్క్రీన్ పోయిందని ఫోన్ చేస్తాడు. స్టేషన్ నంబరు ఇంకోదానితో కలిసినా తిప్పలే. ఎస్‌డబ్ల్యూ2 ఛానెల్ 0 సీరియల్ పోర్టుది, ఆర్‌ఎస్-232 కావాలా, 422 కావాలా అనేది అక్కడే.

ర్యాక్ బ్యాక్‌ప్లేన్ (కార్డులు గుచ్చుకునే వెనక బోర్డు) మీద ఇంకో స్విచ్‌ల వరస ఉంది. ర్యాక్ మార్చడం లేదు కాబట్టి దాన్ని కదపనక్కర్లేదు, అర్థం చేసుకోవాలి. 4, 5 స్విచ్‌లు అడ్రసింగ్‌వి: రెండు స్లాట్లు, ఒక స్లాట్, అర స్లాట్. 1వ స్విచ్, ఫాల్ట్ వస్తే అవుట్‌పుట్‌లు ఆఫ్ కావాలా, ఉన్నచోటే నిలవాలా అని. 8వది ఆన్‌లో ఉంటే మెమరీ క్లియర్ చేయనివ్వదు. సాఫ్ట్‌వేర్‌తో గంటసేపు కుస్తీ పట్టేవాళ్లు ఈ స్విచ్ చూస్తే చాలు.

అన్నిటికంటే ప్రమాదకరమైనవి 6, 7. పవర్ వచ్చినప్పుడు ప్రాసెసర్‌లో పెట్టిన ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) మాడ్యూల్‌లోని ప్రోగ్రామ్ ర్యామ్‌లోకి రావాలా వద్దా అనేది వీటి మీద ఆధారపడుతుంది. రెండూ ఆఫ్‌లో ఉంటే ప్రతి పవర్ ఆన్‌కూ ఈఈప్రామ్‌లోది వచ్చి ఉన్నదాన్ని తుడిచేస్తుంది. పాత ప్రాసెసర్‌లోని మాడ్యూల్‌ను కొత్తదాంట్లోకి మార్చితే, ఎన్నేళ్ల కిందటి ప్రోగ్రామ్ అందులో ఉందో ఎవరికి తెలుసు? సెకండ్ హ్యాండ్ కార్డుతో పాటు వేరే ఫ్యాక్టరీ ప్రోగ్రామ్ ఉన్న మాడ్యూల్ కూడా రావచ్చు. మాడ్యూల్ తీసేసి పని మొదలుపెట్టండి. అంతా కుదిరాక సరైన ప్రోగ్రామ్ అందులో స్టోర్ చేయండి.

మార్చేటప్పుడు పర్మిట్ తీసుకుని, ఫీల్డులో మోటార్లు, హైడ్రాలిక్స్ ఐసొలేట్ చేసి తాళాలు వేయించండి. ర్యాక్ పవర్ ఉండగా 1771 కార్డు లాగడం, పెట్టడం చేయకూడదు. ప్లగ్గులకు 1ఏ, 1బీ, 2ఏ, 2బీ అని ట్యాగులు కట్టి ప్లగ్గులనే లాగండి, వైర్లు విప్పకండి. డీహెచ్ ప్లస్‌కూ రిమోట్ ఐ/ఓకూ (దూరపు ర్యాక్‌లను కలిపే లైను) ఒకటే నీలం కేబుల్, కానీ నీలం, రంగులేని (క్లియర్) వైర్ల వరస ఒకదానికొకటి తిరగబడి ఉంటుంది. లైను చివరి స్టేషన్ అయితే ప్లగ్గుకు టెర్మినేషన్ రెసిస్టర్ ఉందో లేదో చూడండి: 57.6కి 150 ఓమ్‌లు, 230.4కి 82 ఓమ్‌లు. కొత్త కార్డు ఎడమ చివరి స్లాట్‌లో, తాళంచెవి ప్రోగ్రామ్ వైపు తిప్పి ఉంచి, గైడ్ల వెంట నెమ్మదిగా పోనివ్వండి. అడ్డుపడితే బలం చూపించకండి.

పవర్ ఇవ్వగానే ఎర్ర లైటు వస్తే కంగారు పడకండి. మెమరీ ఖాళీగా ఉన్న కార్డు అలాగే వస్తుంది. మెమరీ క్లియర్ చేసి, ఆ తర్వాత ఫైల్ పంపండి. సిరీస్ అక్షరం తేడాగా ఉంటే ఫైల్‌లో ప్రాసెసర్ రకాన్ని, సిరీస్‌ను సరిచేయాలి. ఛానెల్ కాన్ఫిగరేషన్ కూడా వెళ్లేలా చూసుకోండి. రిమోట్ ఐ/ఓ స్కాన్ లిస్ట్ అందులోనే ఉంటుంది, అది లేకపోతే రిమోట్ ర్యాక్‌లు కనిపించవు. ఈథర్‌నెట్ రకం, అంటే చివర ‘ఈ’ ఉన్నది, కొత్తగా పెడితే బూట్‌పీ ఆన్‌లో ఉండి ఐపీ అడ్రస్ కోసం ఎదురుచూస్తుంది.

వెంటనే రన్‌లోకి వెళ్లకండి. రిమోట్ టెస్ట్ మోడ్‌లో లాజిక్ నడుస్తుంది, అవుట్‌పుట్‌లు రావు. ఫీల్డులో ఒకరు స్విచ్‌లు కదుపుతుంటే ఇన్‌పుట్ బిట్లు మారుతున్నాయో లేదో చూడండి. ఫోర్స్‌లు (బలవంతంగా ఆన్ లేదా ఆఫ్ చేసి ఉంచిన బిట్లు) ఏవైనా మిగిలాయా చూడండి. పీఐడీ లూపులన్నీ మాన్యువల్‌లో పెట్టండి. మొదటి స్కాన్ బిట్, ఎస్:1/15, మీద ఏ రంగ్‌లు ఆధారపడ్డాయో చదివాకే రన్.

స్పేర్ కొనేటప్పుడు కేటలాగ్ నంబరులో చివరి అక్షరం చూసి కొనండి. ఎల్40బీ అడిగితే ఎల్40ఎల్ పంపుతారు. అది ఎక్స్‌టెండెడ్ లోకల్ ఐ/ఓ రకం, మీ ఛానెళ్లు కుదరవు. ఎల్20బీ తక్కువకు వస్తుంది, కానీ 1ఏ, 1బీ అనే రెండు ఛానెళ్లే, మెమరీ కూడా చిన్నది. వచ్చిన కార్డును ఖాళీ ర్యాక్‌లో పెట్టి, మీ ప్రోగ్రామే ఎక్కించి ఓ రోజంతా నడిపి, పాస్‌వర్డులేవీ లేవని చూసుకుని, బ్యాటరీ తీసి యాంటీస్టాటిక్ కవర్లో పెట్టండి. డబ్బులు ఒక్కదానికే ఉంటే నా సలహా పవర్ సప్లై.

కంట్రోల్‌లాజిక్స్‌కి (రాక్‌వెల్ తర్వాతి తరం సిస్టమ్‌కి) మారేవాళ్లకు ఒక్కమాట: 1771 స్వింగ్ ఆర్మ్ (కార్డు ముందు వైర్లు కట్టే టెర్మినల్ బ్లాక్) వైరింగ్‌ను విప్పకుండా కొత్త కార్డులకు కలిపే కన్వర్షన్ కిట్లు ఉన్నాయి, ప్రోగ్రామ్ మార్చే టూల్ కూడా ఉంది. కానీ బ్లాక్ ట్రాన్స్‌ఫర్లు (కార్డులతో గుంపుగా డేటా మార్చుకునే ఆదేశాలు), మెసేజ్‌లు చేత్తో సరిదిద్దుకోవాల్సిందే. ఇక మీ ప్రశ్నలు అడగండి.